సన్నది, మామూలుది, లావుది, వాలినది

వన్ టౌన్, విజయవాడ
జూన్ 3

లాజరు గారికి నమస్కారం.

నా పేరు శాలిని. మొన్న శనివారం ఆటోనగర్‌లో మీ షెడ్డుకి వచ్చి, పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా మాట్లాడిన అమ్మాయిని నేనే. మీరు ఒక్కసారి తలూపి లారీ కిందికి వెళ్ళిపోయారు. అరగంట నిలబడ్డాను, బయటికి రాలేదు. పక్క షెడ్డు ఆయన జాలిపడి, "ఆయన దగ్గర నోటితో పని జరగదమ్మా. కాగితం మీద రాసివ్వండి, జవాబొస్తుంది" అన్నారు. అందుకని రాస్తున్నాను.

ఆ రోజు తొందరలో సరిగ్గా చెప్పలేకపోయాను. రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర నా స్కూటీ ముందు ఒక లారీ ఆగింది. దాని వెనక చెక్క మీద 'పామర్రు' అని రాసి ఉంది. ఆ 'ర్రు' చూశాక పచ్చ లైటు పడినా నేను కదల్లేదు. వెనకవాళ్ళు ఏమేమి తిట్టారో రాయడం బాగుండదు. ఆ లారీ వెంటే వెళ్ళి, ఆ అక్షరాలు రాసిందెవరో డ్రైవర్ని అడిగి, మీ షెడ్డు పట్టుకున్నాను.

మాది 'అరసున్న' అనే డిజైన్ స్టూడియో. ఎండుమిరపకాయల గోడౌను పైన మేడ మీద ఉంటాం. వెబ్‌సైట్లు, ఫోన్ యాప్‌లు, షాపుల లోగోలు కంప్యూటర్‌లో గీస్తాం. నిరుడు ముగ్గురం, ఇప్పుడు ఆరుగురం. కుర్చీలు మాత్రం నాలుగే. ఈ మధ్య పెద్ద కంపెనీల్లా ప్రతి సోమవారం అందరూ నిలబడి మీటింగు జరపాలని రూలు పెట్టాను. ఎలాగూ ఇద్దరు నిలబడే ఉన్నారు కాబట్టి ఎవరికీ పెద్ద తేడా తెలియలేదు.

పామర్రులో వెంకటకృష్ణారావు గారని ఒక పెద్దాయన. ఆయనకి అరవై లారీల పార్సిల్ కంపెనీ ఉంది. లారీల మీదా, బిల్లుల మీదా, ఫోన్‌లోనూ అంతటా ఒకే తీరు తెలుగు అక్షరాలు కావాలట. అవి ఇంకెవరి దగ్గరా ఉండకూడదట. మీరు చేత్తో రాస్తే మేము వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. ఆ తరవాత ఎవరు మీట నొక్కినా మీ అక్షరమే పడుతుంది. దాన్నే ఫాంట్ అంటారు. జూలై ఇరవయ్యో తారీఖున ఆయనకి చూపించాలి.

ఒక మాట దాచకుండా చెబుతాను. ఈ పని మీద ధైర్యంతోనే సింధూరి అనే అమ్మాయిని కొత్తగా తీసుకున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం మానుకుని వచ్చింది. పని రాకపోతే ఆమెను ఉంచుకోలేను. కాబట్టి దయచేసి అక్షరాలన్నీ తెల్ల కాగితాల మీద రాసి పంపండి.

మీ జవాబు కోసం మెట్ల మీద కూర్చున్న
శాలిని

తా.క. మెట్ల మీద కూర్చోవడం వినయం కాదండీ. ఈ రోజు కుర్చీ దొరకలేదు.

*

ఆటోనగర్
జూన్ 6

శాలినమ్మ గారికి వందనాలు.

ఉత్తరం అందింది. అక్షరాలు రాసి పంపుతున్నాను.

ఫోన్ చెయ్యవద్దు. ఫోన్‌లో నాకు మాటలు రావు. మా చెల్లెలి భర్త పాల్‌కి ఆటో ఉంది. రోజూ వన్ టౌన్ వస్తాడు. ఉత్తరాలు అతని చేతికివ్వండి.

లాజరు

తా.క. మీ బోర్డు మీద అరసున్న అని ఉందని పాల్ చెప్పాడు. సగమే ఎందుకు రాయించారు? మిగతా సగం నేను వచ్చి రాసిపెడతాను.

*

వన్ టౌన్
జూన్ 12

లాజరు గారికి నమస్కారం.

మీ కాగితాలు వచ్చిన రోజు మా ఆఫీసులో ఎవరూ పని చెయ్యలేదు. ఆరుగురం వాటి చుట్టూ నిలబడి తుమ్ముతూ ఆనందించాం. (తుమ్ములు కింద మిరపకాయల వల్ల.) సింధూరి మీ 'ఱ' చూసి కళ్ళు తుడుచుకుంది. అది కూడా మిరపకాయలేనేమో, తెలియదు.

ఇక చిన్న చిన్న మార్పులు చెబుతాను, ఏమీ అనుకోకండి. మీ తలకట్టు మాకు ప్రాణం. అలాంటి తలకట్టు విజయవాడలో ఎవరికీ లేదు. దాన్ని ముట్టుకోవద్దు. గుడి మాత్రం ఇరుకుగా ఉంది, కొంచెం పెద్దది చెయ్యాలి. కొమ్ములు బాగా పొడుగు. పక్కవాటికి తగులుతున్నాయి, కాబట్టి కోసెయ్యండి. వత్తులు మరీ సన్నగా ఉన్నాయి, లావుగా కావాలి.

ఈ నాలుగూ సరిచేస్తే చాలు.

ఎగిరి గంతేయాలని ఉన్నా స్థలం లేక ఆగిన
శాలిని

తా.క. కొమ్ముల సంగతి మొదట చూడండి. అన్నిటికన్నా అదే అర్జెంటు.

*

ఆటోనగర్
జూన్ 18

శాలినమ్మ గారికి వందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా ఆవిడ తెరేసమ్మ రెండుసార్లు చదివింది.

నాకు తలకట్టు లేదు. పదేళ్ళ క్రితమే ఊడిపోయింది. ఆ రోజు మీరు వచ్చినప్పుడు తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాను. అది చూసి పొరబడినట్టున్నారు. ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోవడానికి ఏమీ లేదు.

గుడి విషయం. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం. అయినా లారీల మీద చాలా గుళ్ళు రాశాను. ఏ గుడో మీరు చెప్పలేదు. నాకు తోచింది రేకు మీద వేశాను. పెద్దదే వేశాను.

కొమ్ములు కొయ్యాలంటే పక్క షెడ్డు ఆయన ఒప్పుకోలేదు. ఆయనకి రెండు గేదెలున్నాయి. అందుకని రేకు మీదే గుడి పక్కన గేదెను వేసి, బొమ్మలో కోశాను. ఇప్పుడు ఎవరికీ తగలవు.

వత్తులు తెరేసమ్మ చేసింది. మాకు అలవాటు లేదు. పక్కింటివాళ్ళని అడిగి చేసింది. లావుగానే వచ్చాయి. డజను పంపుతున్నాను.

వీటికీ ఫాంటుకీ సంబంధం ఏమిటో నాకు తెలియదు. మీరు చదువుకున్నవారు.

లాజరు

తా.క. కొమ్ములు లేని గేదె బాగోలేదు. మీరు సరే అంటే మళ్ళీ పెడతాను.

*

వన్ టౌన్
జూన్ 25

లాజరు బాబాయి గారికి,

ఇకనుంచి బాబాయి అనే పిలుస్తాను. డజను వత్తులు పంపిన మనిషిని గారు అని ఊరుకోవడం నా వల్ల కాదు.

తప్పు నాది. మా బళ్ళో నేర్పిన పేర్లు అందరికీ తెలుసుననుకున్నాను. ఈ ఉత్తరంతో ఒక కాగితం పెట్టాను. దాని మీద ఎర్ర సిరాతో అన్నీ చూపించాను. 'క' నెత్తిన ఉండే టిక్కు తలకట్టు. 'కి' మీద గుండ్రంగా ఉండేది గుడి. 'కు' పక్కన సాగేది కొమ్ము. 'క్క' కింద వేలాడేది వత్తు. వీటిని సరిచేస్తే చాలు. గేదె అలాగే ఉండనివ్వండి. రేకుని గోడకి తగిలించాం. మొన్న వీడియో మీటింగులో బెంగుళూరు క్లయింటు అరగంట దాన్నే చూస్తూ కూర్చుని, మేం చెప్పినవన్నీ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. కృష్ణారావు గారికి ఒక్కటి చూపిస్తే చాలదు. ఫ్యామిలీ మొత్తం కావాలి. నాలుగు ఉండాలి. ఒకటి సన్నది, ఒకటి మామూలుది, ఒకటి లావుది, ఒకటి కొంచెం పక్కకి వాలినది. నాలుగూ వేరువేరుగా ఉన్నా చూడగానే ఒకే ఇంటివి అని తెలియాలి. జూలై ఇరవై, ఉదయం పది గంటలకి, పామర్రులో ఆయన ఆఫీసులో మన ఫ్యామిలీ ఆయన ముందు నిలబడాలి. మామూలుది ఒక్కటే మా కంప్యూటర్‌లో ఉంది. మిగతా బాధ్యత మీదే.

ఇది కుదిరితే సింధూరి మాతో ఉంటుంది. కుదరకపోతే ఏమిటో నేను ఆలోచించడం లేదు.

మీ శాలిని

తా.క. వత్తులు వృథా పోలేదు. కింద గోడౌను సేఠ్ గారికి ఇచ్చాను. మురిసిపోయి మాకు ఒక కుర్చీ ఇచ్చారు. ఇప్పుడు ఆరుగురికి ఐదు.

*

ఆటోనగర్
జూన్ 29

శాలినమ్మకి వందనాలు.

ఎర్ర సిరా కాగితం చూశాను. అర్థమయింది. మీరు తలకట్టు అన్నదాన్ని నేను హారను అంటాను. మీ గుడి నాకు టాపు. మీ కొమ్ము నాకు హుక్కు. వత్తు ట్రైలరు. సున్న టైరు. నేను బడికి వెళ్ళలేదు. లారీల వెనక చూసి చదవడం నేర్చుకున్నాను. పేర్లు కూడా అక్కడివే పెట్టుకున్నాను. అన్నీ సరిచేసి పంపుతున్నాను. హుక్కులు కోశాను. ట్రైలర్లు లావు చేశాను.

ఫ్యామిలీ సంగతి. మీరు అడిగినవి నాలుగూ ఉన్నాయి. అవి కూడా కావాలంటారని అనుకోలేదు. కంపెనీలు ఇప్పుడు అన్నీ చూస్తాయి కాబోలు.

సన్నది నా దగ్గరే ఉంది. ఎప్పుడూ పనిలోనే ఉంటుంది, అరిగిపోతుందేమోనని భయం. మామూలుది మచిలీపట్నంలో ఉంది, కాలేజీ అయ్యాక వస్తుంది. లావుది కదలడానికి బద్ధకిస్తుంది, కాని ఒకసారి నిలబడిందంటే కదలదు. వాలినది పెద్ద వయసుది, గుడివాడ అవతల ఉంది. బస్సులో తెప్పిస్తాను.

ఒకే ఇంటివిగా కనపడటం కష్టం. వేరువేరు చోట్ల నుంచి వచ్చినవి. ఒకే రంగు వేస్తే కలుస్తాయనుకుంటున్నాను. ఏ రంగో చెప్పండి.

లాజరు

తా.క. లావుది ఇంకా లావు కావాలా? ఇరవై రోజులు టైముంది.

*

వన్ టౌన్
జూలై 4

లాజరు బాబాయి గారికి,

మీ ఉత్తరం సోమవారం మీటింగులో నిలబడి గట్టిగా చదివాను. అందరికీ ఒళ్ళు పులకరించింది. అక్షరాల్ని మనుషుల్లా చూసేవాళ్ళని నేను మిమ్మల్నే చూశాను. 'కాలేజీ అయ్యాక వస్తుంది' అంటారా? 'బస్సులో తెప్పిస్తాను' అంటారా? సింధూరి ఆ వాక్యాలు రాసి తన మానిటరుకి అంటించుకుంది. మా దగ్గర ఇప్పుడు అందరూ మీ భాషే మాట్లాడుతున్నారు. నిన్న ఒకరు, "ఈ 'మ్మ'కి ట్రైలరు సరిగ్గా తగల్లేదు" అంటే నాకు కడుపు నిండిపోయింది.

మీ ప్రశ్నలకి జవాబులు. లావుది ఎంత లావున్నా పరవాలేదు. లారీ ఎంత దూరంలో ఉన్నా కనపడాలి. సన్నది విరిగిపోయేట్టు ఉండకూడదు, కాస్త పుష్టి పెంచండి. వాలినది మరీ వాలితే పడిపోతున్నట్టుంటుంది, కొద్దిగా నిటారు చెయ్యండి. పక్కపక్కన నిలబెట్టినప్పుడు మధ్యలో ఖాళీ సమానంగా ఉండాలి, ఒకదాన్నొకటి రాసుకోకూడదు.

రంగులేమీ వద్దు. నాలుగూ నలుపే. చిక్కటి నలుపు.

తెచ్చేటప్పుడు వాన నీళ్ళు తగలనివ్వకండి. మడత పడనివ్వకండి.

ఉత్సాహం పట్టలేక ఈ ఉత్తరాన్ని రెండుసార్లు రాసిన
శాలిని

తా.క. ఇరవయ్యో తారీఖు దాకా వాటిని ఎవరికీ చూపించకండి. ఎవరైనా చూసి ఎత్తుకుపోతే మన గతి ఏం కాను?

*

ఆటోనగర్
జూలై 18

శాలినమ్మకి వందనాలు.

అన్నీ తయారు. రెండు విధాలా తయారు. ఎల్లుండి పదింటికి పామర్రులో ఉంటాము.

లాజరు

తా.క. ఎవరూ ఎత్తుకుపోరు. ముఖ్యంగా లావుదాన్ని.

*

వన్ టౌన్
జూలై 21

లాజరు బాబాయి గారికి,

నిన్న మీరు గేటు బయట లారీ దగ్గరే ఆగిపోయారట. లోపల ఏం జరిగిందో మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

పదింటికి నేనూ, సింధూరీ కృష్ణారావు గారి ఎదురుగా లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాం. ఇంతలో వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "అయ్యా, ధర్నాకి వచ్చారండి. నల్ల చీరలు కట్టుకుని నలుగురు ఆడవాళ్ళు. గేటు వేసేశాను" అన్నాడు. కృష్ణారావు గారు కంగారుపడి లోపలికి రమ్మనండి, మాట్లాడదాం అన్నారు.

నలుగురూ వచ్చి వరసలో నిలబడ్డారు. మధ్యలో ఖాళీ సమానంగా ఉంది. ఎవరూ ఎవర్నీ రాసుకోలేదు.

"చెప్పండమ్మా. ఏంటి మీ డిమాండ్లు?" అన్నారు ఆయన.

"డిమాండ్లేం లేవు బాబూ. నిలబడమన్నారంట, నిలబడ్డాం" అన్నారు చేతికర్ర మీద వాలిన పెద్దావిడ.

"నేను సన్నదాన్నండి" అన్నారు తెరేసమ్మ పిన్ని.

"లావుదాన్ని నేనేనండి. చూస్తే తెలుస్తుందనుకోండి" అన్నారు మీ చెల్లెలు రూతు గారు.

మీ అమ్మాయి డయానా నావైపు చూసి, "అక్కా, నేను మామూలుదాన్ని" అంది, చాలా మెల్లగా.

బాబాయి గారూ, అప్పుడు నాకు మీ జూన్ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా కళ్ళ ముందు తిరిగింది. ఫాంట్‌లో ఒకే తీరువి నాలుగు రకాలు రాస్తే దాన్ని ఫ్యామిలీ అంటారని మీకు చెప్పడం మర్చిపోయాను. తెలుగులో ఆడమనిషికీ అక్షరానికీ ఒకటే 'ది' ఉండటం కూడా మన కొంప ముంచింది.

నా దగ్గర మామూలుది ఒక్కటే ఉంది. అదే చూపించాను. కృష్ణారావు గారు దాన్ని చూడలేదు. ఈ నలుగురినే చూస్తూ కూర్చున్నారు. వాళ్ళని సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, పేర్లడిగారు. ఆ తరవాత గంటసేపు చేతికర్ర పెద్దావిడ, మీ మేనత్త సంపూర్ణమ్మ గారే మాట్లాడారు. కాలవల్లో నీళ్ళ గురించి, ఆయన లారీలు వాళ్ళ ఊరి వంతెన మీద ఎంత వేగంగా పోతాయో దాని గురించి. చివరికి, "కబురు చేస్తానమ్మా" అని మమ్మల్ని పంపించేశారు. ఆ మాటకి అర్థం ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు.

మీ మీద కోపం లేదు. తప్పంతా నాది. సింధూరి పొద్దున్నుంచి తన సొరుగు ఖాళీ చేస్తోంది. వద్దనలేక ఫోన్ కట్టేసి మెట్ల మీద కూర్చున్నాను. రేపు ఆమెతో మాట్లాడాలి. ఏం మాట్లాడాలో తెలియక మీకు రాస్తున్నాను.

మీ శాలిని

తా.క. పిన్నివాళ్ళకి నల్ల చీరలు చాలా బాగున్నాయి. ఇది మాత్రం నిజం.

*

ఆటోనగర్
జూలై 22

శాలినమ్మకి వందనాలు.

సింధూరమ్మతో ఏమీ మాట్లాడకండి. ముందు ఇది చదవండి. పాల్‌ని ఎక్కడా ఆగొద్దని పంపాను.

నేను ఒకేసారి ఇంత ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకోండి.

పదిహేనో తారీఖున మా అమ్మాయి డయానా మచిలీపట్నం నుంచి వచ్చింది. మీ ఉత్తరాలన్నీ చదివి, "నాన్నా, ఫ్యామిలీ అంటే మనం కాదు, అక్షరాలే" అని ఫోన్‌లో చూపించింది. నాకు అర్థమయింది. అప్పటికే నల్ల చీరలు కొన్నారు. జాకెట్లు కుట్టించారు. మా మేనత్త సంపూర్ణమ్మ బస్సు దిగింది. తెరేసమ్మ పుష్టి కోసం వారం నుంచి రోజుకి రెండు గుడ్లు తింటోంది. చెల్లెలు రూతు పాల్‌కి వంట మానేసి అద్దం ముందు నిలబడటం నేర్చుకుంటోంది. మీరెవరూ రానక్కర్లేదు అని వాళ్ళకి చెప్పాలి. ఒక మనిషికి చెప్పడమే నాకు రాదు. అక్కడ ముగ్గురున్నారు. వాళ్ళ సంబరం చూసి డయానాకి కూడా చెప్పబుద్ధి కాలేదు.

దానికన్నా అక్షరాలు రాయడం తేలిక. కూర్చుని సన్నది, లావుది, వాలినది మూడు రకాలూ రాశాను. మామూలుది కూడా మళ్ళీ రాశాను. మొదట చెయ్యి రాలేదు. సన్నది రాయాలంటే ఎంత సన్నగా అని. తెరేసమ్మ బియ్యం ఏరుతోంది. ఆవిడని చూస్తూ రాశాను. వచ్చింది. తరవాత మిగతావాళ్ళని కూడా అలాగే చూస్తూ రాశాను. అత్తయ్య కోసం కాగితమే పక్కకి తిప్పాను.

రెండు విధాలా తయారని నేను రాసింది ఇదే.

కాగితాలు కవరులో పెట్టి రూతు చేతికిచ్చాను. లోపల శాలినమ్మకి ఇవ్వు, మడత పడకుండా చూడు అన్నాను. రూతు మాట జవదాటదు. మడత పడకుండా వాటి మీద కూర్చుంది. తరవాత కాఫీ వచ్చింది. తరవాత అత్తయ్య మాట్లాడింది. లేచి వచ్చేసింది.

సాయంత్రం సోఫా దులిపే మనిషికి కవరు దొరికిందట. ఈ రోజు పొద్దున కృష్ణారావు గారు దాన్ని పట్టుకుని మా షెడ్డుకి వచ్చారు. ఒక్క మడత లేదు. మీ ఆఫీసులో ఉన్న ఏ మిషనూ అంత చదును చెయ్యలేదు.

ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఏమయ్యా, ఇంతకుముందు మూడు కంపెనీలవాళ్ళొచ్చి రెండేసి గంటలు లైటనీ బోల్డనీ చెప్పారు. ఒక్క ముక్క అర్థమైతేగా. మీ వాళ్ళు నలుగురూ వచ్చి నిలబడగానే నాకు మొత్తం తెలిసిపోయింది. ఈ కాగితాలు చూస్తే మళ్ళీ వాళ్ళే కనపడుతున్నారు. సన్నావిడ బిల్లుల మీద. పిల్ల ఫోన్‌లో. లావావిడ లారీల మీద. పెద్దావిడ పండగ ఆఫర్లకి."

పెద్దావిడ ఆఫర్లకి ఎందుకండీ అని నేను అడగలేదు. ఆయనే చెప్పారు. "ఆవిడ మాట పూర్తిగా వినకుండా ఎవడూ కదల్లేడయ్యా."

మీకు పన్నెండుసార్లు ఫోన్ చేశారట. కలవలేదట. అందుకని పని ఒప్పుకున్న కాగితం నా చేతికిచ్చారు. మీ స్టూడియో పేరు మీద ఉంది. దీనితో పంపుతున్నాను. ఇందులో ఆరుగురికీ పని సరిపోతుందా అని అడిగాను. ఆరుగురు చాలరేమో అన్నారు. ఆ మాట సింధూరమ్మకి చెప్పండి.

ఫాంటుకి నా పేరు పెడదామన్నారు. వద్దన్నాను. నలుగురి పేర్లే పెట్టమన్నాను. దానివల్ల ఇంట్లో గొడవ మొదలైంది. అరవై లారీల మీద తనే ఉంటానని రూతు వీధి వీధికీ చెబుతోంది. "బిల్లు చూసిన ప్రతివాడూ నన్నే తిట్టుకుంటాడు, లారీ మీదికి మార్చమను" అని తెరేసమ్మ పట్టుబట్టింది. నేను లారీ కిందికి వెళ్ళిపోయాను.

మీ మేలు కోరే బాబాయి,
లాజరు

తా.క. ఒక చిక్కుంది. కృష్ణారావు గారు ఐదోది కూడా అడిగారు, ఇంగ్లీషు అక్షరాలకి. మా ఇంట్లో ఇంగ్లీషుది ఎవరూ లేరు. నేను నోరు తెరిచేలోపు అత్తయ్య మీ పేరు చెప్పేసింది. ఆయన సరే అన్నారు. ఇంగ్లీషు నాకు రాయడం వచ్చు, నంబరు ప్లేట్లకి ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాను. కాని ఇప్పుడు మనిషిని చూడకుండా చెయ్యి కదలడం లేదు. ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి రండి. మీరు మాట్లాడుతూ ఉండండి. నేను రాసుకుంటాను.